నగలు తొడిగిన రుబాయీలు

1912 ఏప్రిల్ 15న టైటానిక్‌తో పాటు అట్లాంటిక్ అడుగుకు వెళ్లిపోయిన సరుకులో ఒక కవిత్వ పుస్తకం కూడా ఉంది. ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషులోకి తెచ్చిన ఒమర్ ఖయ్యాం రుబాయీలు, ఎలిహూ వెడర్ బొమ్మలతో. లండన్‌లో సాంగోర్‌స్కీ అండ్ సట్‌క్లిఫ్ అనే బైండింగ్ సంస్థ రెండేళ్లు కష్టపడి దానికి అట్ట కట్టింది. కెంపులూ పుష్యరాగాలూ కలిపి వెయ్యికి పైగా రాళ్లు. ముందు అట్ట మీద మూడు బంగారు నెమళ్లు. ముద్దుగా 'గ్రేట్ ఒమర్' అన్నారు.

దీని గురించి రాసేవాళ్లు నెమళ్ల దగ్గరో, ఓడ దగ్గరో ఆగిపోతారు. నాకైతే అది ఎవరెవరి చేతులు మారిందన్నదే ఆసక్తి. చేయించింది సోథరాన్ అనే పుస్తకాల షాపు. చెప్పిన ధర 1000 పౌండ్లు. అమెరికాకు పంపితే కస్టమ్స్ దగ్గర సుంకం పేచీ, మళ్లీ లండన్‌కు. 1912 మార్చి 29న సోథ్‌బీస్ వేలంలో గేబ్రియల్ వెల్స్ అనే అమెరికన్ పుస్తక వ్యాపారి 405 పౌండ్లకు పాడుకున్నాడు. షాపు, వేలంశాల, ఇంకో వ్యాపారి. ఈ వరసలో పాఠకుడన్నవాడు ఒక్కడూ లేడు.

ఇదే కావ్యం 1859లో ఎలా వచ్చిందో చూడండి. అనువాదకుడి పేరు లేదు, పలచటి కాగితపు అట్ట, 250 కాపీలు. ఎవరూ కొనకపోతే క్వారిచ్ అనే వ్యాపారి వాటిని పెన్నీకొకటి చొప్పున పెట్టెలో పడేశాడు. ఆ పెట్టెలోంచే 1861లో కాపీలు రోసెటి చేతికీ, ఆ తర్వాత స్విన్‌బర్న్ దాకానూ చేరాయి. ఫిట్జెరాల్డ్ ఒమర్‌కి పేరు అక్కడ మొదలైంది. అంటే పెన్నీ కాపీకి పాఠకులు దొరికారు, నగల కాపీకి బేరగాళ్లే దొరికారు.

అలాగని ఆ అట్టను ఉత్త ఆడంబరం అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. బయట నెమళ్లు. తెరిస్తే అట్ట లోపలివైపు పాము. చివర, వెనక అట్ట లోపల పుర్రె, దాని కంటిగుంతలోంచి మొలిచిన గసగసాల మొక్క. ఫ్రాన్సిస్ సాంగోర్‌స్కీ కావ్యాన్ని చదివే ఈ వరస కట్టాడు. ఖయ్యాంని 'తాగు, ఊగు' కవిగా మాత్రమే చూసే మన విమర్శకుల కంటే ఈ బైండర్ నయం: విందుకి వెనక ఏముందో మర్చిపోలేదు. నా ఫిర్యాదల్లా ఒకటే. అంత మంచి వ్యాఖ్యానాన్ని విప్పి చూడాలంటే భయమేసే వస్తువుగా చేశాడు. పుస్తకం మునిగిన కొన్ని వారాలకే, 1912 జులై 1న, సాంగోర్‌స్కీ కూడా సముద్రంలో మునిగి చనిపోయాడు. దీన్ని శాపం కథగా చెప్పుకోవడం సులువు, నాకు రుచించదు.

తర్వాత స్టాన్లీ బ్రే అనే బైండర్ ఆ డిజైన్ల నుంచే రెండో ఒమర్ కట్టాడు. అది రెండో ప్రపంచయుద్ధపు బాంబుదాడిలో పాడైంది, రాళ్లు మాత్రం మిగిలాయి. ఆ రాళ్లతోనే మళ్లీ మూడోది. అది 1989లో పూర్తయింది, బ్రిటిష్ లైబ్రరీకి చేరింది. ఇంత మొండితనం దేనికి? మార్కెట్ కోసమైతే రెండోసారే ఆగిపోయేవాడు. మూడు పుస్తకాల్లోకీ నేను నమ్మేది ఈ మూడోదాన్నే.

మనకు రుబాయీలు నగలు లేకుండానే వచ్చాయి. దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చుకుని మరీ 'పానశాల' రాశారు. ఆదిభట్ల నారాయణదాసు పారశీక మూలాన్నీ ఫిట్జెరాల్డ్‌నీ పక్కపక్కన పెట్టి, సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ దించారు. ఈయన పని బైండర్ పనికి దగ్గరే అనిపిస్తుంది నాకు, అదే ఓపిక, అదే పంతం. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 'పానశాల' పాత కాపీ దొరికితే అట్ట సంగతి తర్వాత చూడొచ్చు. ముందు లోపలి పేజీ తిప్పండి, ఎవరో ఒకరి సంతకం ఉండొచ్చు, పద్యాల పక్కన పెన్సిల్ గీతలూ ఉండొచ్చు.