మనం చదివిన కిర్గీజియా

సోవియట్ సాహిత్యాన్ని ప్రేమించినంతగా మరే పరదేశ సాహిత్యాన్నీ తెలుగు అభ్యుదయ పాఠకుడు ప్రేమించలేదు. క్రొవ్విడి లింగరాజు గోర్కీ 'అమ్మ'ను తెలుగు చేసిన నాటినుంచి, మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర దుకాణాల్లో చౌకగా దొరికిన పుస్తకాల దాకా ఆ ప్రేమకు దీర్ఘచరిత్ర ఉంది. ఆ పుస్తకాల్లో చింగీజ్ ఐత్మాతోవ్ 'జమీల్యా' ఒకటి. ఈమధ్య కోరుకొండలో ఒక విద్యార్థికి దాన్ని చదవమని ఇచ్చాను. తిరిగి ఇస్తూ అతడు అడిగాడు: "ఇంత సఖ్యంగా ఉన్నవాళ్ళు తర్వాత ఒకళ్ళనొకళ్ళు ఎందుకు కాల్చుకున్నారండీ మాస్టారూ?"

ఆ ప్రశ్న నన్ను ఆత్మవిమర్శకు పురికొల్పింది.

1958లో వెలువడిన ఆ కథ గొప్పదనాన్ని ఎవరూ కాదనలేరు. యుద్ధకాలంలో సమష్టి క్షేత్రం నుంచి ధాన్యపు బళ్ళు తోలే యువతి, ఆచారపు కట్లు తెంచుకుని తాను ప్రేమించినవాడితో వెళ్ళిపోతుంది. శ్రమలోంచి కొత్త మనిషి పుట్టటం మనం అందులో చూశాం. చూసింది అబద్ధం కాదు. కాని చూడనిది కూడా ఉంది. రచయిత తండ్రి తొరెకుల్ కమ్యూనిస్టు నాయకుడు. 'బూర్జువా జాతీయవాది' అన్న ఆరోపణపై 1938లో ఆయనను కాల్చి చంపారు. ఆయన అస్థికలు సామూహిక సమాధిలో బయటపడింది 1991లో. జాతుల ప్రశ్నను నోరెత్తి అడగటమే నేరమైన చోట జాతుల స్నేహం ఎంత గట్టిది? ఈ ప్రశ్న మన విమర్శ వేయలేదు.

మధ్య ఆసియాలో రిపబ్లిక్కుల ఎల్లలు 1920, 30లలో గీసినవి. ఒకే దేశం లోపల అవి పాలనా రేఖలు. 1991లో అవే రాజ్యాల సరిహద్దులైనాయి. 2010 జూన్‌లో ఓష్ నగరంలో కిర్గీజులకూ ఉజ్బెకులకూ మధ్య జరిగిన మారణకాండలో నాలుగు వందల మందికి పైగా మరణించారు. 2021 ఏప్రిల్‌లో కిర్గీజు, తాజిక్ సరిహద్దులోని గొలొవ్నోయ్ నీటి తూము దగ్గర నిఘా కెమెరా పెట్టే విషయమై తగాదా పుట్టింది. రాళ్ళతో మొదలై సైన్యాల దాకా పోయింది. 2022 సెప్టెంబరులో అంతకంటె పెద్ద పోరు జరిగి, లక్షకు పైగా జనం ఇళ్ళు విడిచారు.

దీనికి కొందరు 'సామ్రాజ్యవాదుల కుట్ర' అంటారు, మరికొందరు 'తరతరాల జాతివైరం' అంటారు. రెండూ ఆలోచనను ఎగవేసే మాటలే. తూము దగ్గర పైఊరికీ కిందిఊరికీ తగువంటే ఏమిటో గోదావరి డెల్టా వాసికి ఒకరు చెప్పనక్కర లేదు. 2023 నవంబరు చివర నాగార్జునసాగర్ ఆనకట్టమీద ఇరవైయారు గేట్లలో పదమూడింటిని ఆంధ్ర పోలీసులు స్వాధీనం చేసుకుని కుడికాలువకు నీరు వదిలారు. అటు తెలంగాణ పోలీసులు. ఇద్దరిదీ ఒకటే భాష. ఐనా తగువు ఆగలేదు. అది యుద్ధం కాకపోవటానికి కారణం మన మంచితనం కాదు. కేంద్ర బలగాలు వచ్చి ఆనకట్టను తమ అధీనంలోకి తీసుకున్నాయి. పైన ఒక మధ్యవర్తి ఉన్నాడు, కింద ఎవరికీ సొంత సైన్యం లేదు.

సోవియట్ కాలంలో ఆ పని ఒకే పార్టీ, ఒకే ప్రభుత్వం ఆజ్ఞతో చేశాయి. ఆజ్ఞ పోగానే ఊళ్ళ తగువు రాజ్యాల తగువైంది. ప్రజలు తమంతట తాము కూర్చుని తీర్చుకునే వ్యవస్థ ఏదీ మిగల్లేదు. 1936 రాజ్యాంగం పదిహేడవ అధికరణం విడిపోయే హక్కు ఇచ్చింది. ఎట్లా విడిపోవాలో చెప్పే చట్టం వచ్చింది 1990 ఏప్రిల్‌లో. అప్పటికే ఇల్లు కూలుతున్నది.

ఇది మనకు పరాయి సంగతి కాదు. 1942లో భారత కమ్యూనిస్టు పార్టీ జాతుల స్వయంనిర్ణయ హక్కును ఆమోదించింది ఆ సోవియట్ నమూనా చూసే. 1946లో సుందరయ్య 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' రాసిందీ ఆ వెలుగులోనే. హక్కును గట్టిగా పట్టుకున్నాం. నీళ్ళూ ఎల్లలూ ఆయుధాలూ ఎవరి అజమాయిషీలో ఉంటాయన్న ప్రశ్న అంత గట్టిగా పట్టుకోలేదు.

ఇక మధ్యవర్తిగా పెద్ద పొరుగురాజ్యం ఉంటే చాలదా అంటారా? ఉక్రెయిన్ తన నేలమీది అణ్వాయుధాలు వదులుకున్నందుకు 1994లో బుడాపెస్టులో దాని సరిహద్దులను గౌరవిస్తామని సంతకం చేసిన రాజ్యాల్లో రష్యా ఒకటి. 2014లో క్రిమియాను కలుపుకున్నదీ, 2022లో దండెత్తినదీ ఆ రష్యాయే. ఆ యుద్ధంలో చదువులు వదిలి ప్రాణాలు దక్కించుకుని తిరిగివచ్చిన వైద్యవిద్యార్థుల్లో మన తెలుగు పిల్లలెందరో ఉన్నారు. తగువులో భాగస్తుడు తీర్పరి కాలేడు.

2025 మార్చి 13న బిష్కెక్‌లో కిర్గీజు, తాజిక్ అధ్యక్షులు సరిహద్దు ఒప్పందంపై సంతకాలు చేశారు. సంతోషించవలసిందే. కాని 2022లో ఉజ్బెకిస్తాన్‌తో కెంపిర్ అబాద్ జలాశయం ఒప్పందాన్ని ప్రశ్నించిన ఇరవైమందికి పైగా కిర్గీజు పౌరులను వారి ప్రభుత్వమే నిర్బంధించింది. శాంతి మళ్ళీ ఆజ్ఞగానే వస్తున్నది.

కనుక 'జమీల్యా'ను అటకమీద పెట్టమని నేననను. ఆ స్నేహం నిజమే. దాన్ని నిలబెట్టే ప్రజాస్వామిక వ్యవస్థే కొరవడింది. ఆ విద్యార్థికి పుస్తకం మళ్ళీ ఇచ్చి, ఈసారి పక్కన మధ్య ఆసియా పటం పెట్టుకుని చదవమన్నాను. అధ్యాపక మిత్రులకూ నా మనవి అదే.