ఆట మొదలుకాక ముందు

తెలుగు సినిమాలో సాధన ఒక్క పాటలో అయిపోతుంది. 1999లో వచ్చిన ‘తమ్ముడు’నే చూడండి. పల్లవికి ముందు బాధ్యత తెలియని కుర్రాడు, చివరి చరణం దాటేసరికి కిక్‌బాక్సింగ్ బరిలో నిలబడగల మొనగాడు. ఆ పాట నాకూ ఇష్టమే. కాకపోతే హీరో ఏం నేర్చుకున్నాడో అది చెప్పదు, ఎంత చెమటోడ్చాడో మాత్రమే చెబుతుంది.

తకేహికో ఇనౌయే 1990 నుంచి 1996 దాకా జపాన్ వారపత్రిక ‘షోనెన్ జంప్’లో గీసిన బాస్కెట్‌బాల్ మాంగా (బొమ్మల కథ) ‘స్లామ్ డంక్’లో లెక్క వేరు. 31 సంపుటాల ఆ కథలో హీరో హనామిచి సకురాగికి మొదట ఆటే రాదు. ఒక అమ్మాయి కోసం జట్టులో చేరతాడు. చేరగానే బంతిని బుట్టలోకి కుక్కే డంక్ కొట్టేద్దామనుకుంటే, కోర్టు మూల కూర్చోబెట్టి బంతిని నేలకు కొట్టడం నేర్పుతారు. విసుగెత్తి వెళ్లిపోతాడు, మళ్లీ వస్తాడు. తర్వాత పరుగెత్తుకొచ్చి బుట్టలో వేసే లే-అప్. ఆ తర్వాత బుట్ట కిందనుంచి వేసే షాట్. ఇనౌయే ఒక్కో విద్యనూ విడివిడిగా, కొద్దికొద్దిగా ఇస్తాడు. దాంతో సకురాగికి ఏం వచ్చో, ఏం రాదో మనకు కచ్చితంగా తెలుస్తుంది. మ్యాచ్‌లో బంతి అతని చేతికొచ్చినప్పుడు మన గుండె దడదడలాడేది అందుకే.

జాతీయ పోటీలకు ముందు జట్టంతా షిజుఓకా వెళ్తుంది. సకురాగిని మాత్రం కోచ్ అంజాయ్ తన దగ్గరే ఉంచేసుకుంటాడు. అతనికిచ్చిన పని 20,000 జంప్ షాట్లు. మొదట అతని షాట్‌ని వీడియో తీసి అతనికే చూపిస్తారు. తనను తాను మేధావిగా ఊహించుకున్న కుర్రాడు, తెరమీద వంకర టింకర శరీరాన్ని చూసి నోరు వెళ్లబెడతాడు. పేజీ మనల్ని నవ్విస్తుంది, నవ్విస్తూనే పాఠం చెబుతుంది. మోకాలు ఎక్కడ వంగాలి, మోచేయి ఎటు చూడాలి, ఎడమచేయి బంతికి ఊరికే ఆసరాగా ఎలా ఉండాలి అన్నవి మనకూ వంటబడతాయి. స్నేహితులు బంతులు ఏరి అందిస్తుంటారు. ఇక్కడ శత్రువు లేడు, స్కోరు లేదు. అయినా పేజీ తిప్పకుండా ఉండలేం.

ఆ అధ్యాయాల ఫలితం కథ చివర, దేశ ఛాంపియన్ సన్నో జట్టుతో మ్యాచ్‌లో తేలుతుంది. ఆఖరి క్షణాల్లో ఇనౌయే మాటలు దాదాపు తీసేస్తాడు. పేజీల కొద్దీ బొమ్మలే. సకురాగితో ఎప్పుడూ పడని రుకావా బంతిని అతనికే అందిస్తాడు. ఎడమచేతి పాఠాన్ని గొణుక్కుంటూ సకురాగి ఎగురుతాడు. 79–78. ‘స్లామ్ డంక్’ అని పేరు పెట్టుకున్న కథలో, డంక్ కోసమే పుట్టాననుకున్న కుర్రాడితో, గెలుపు షాట్‌ని మామూలు జంప్ షాట్‌గా వేయించాడు! వివరించడానికి ఒక్క మాట అక్కర్లేదు. 20,000 సార్లు మనమూ చూసొచ్చాం కదా. తర్వాతి మ్యాచ్‌లో వాళ్లు చిత్తుగా ఓడిన సంగతి మాత్రం ముక్తసరిగా చెప్పి ముగిస్తాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ దాటెయ్యాలో అంత తెలిసిన చెయ్యి అది. 2022లో అదే మ్యాచ్‌ని తనే సినిమాగా తీసినప్పుడూ దాన్ని ఒంటరిగా వదల్లేదు. ఈసారి మియాగి రియోటా అనే ఆటగాడి ఒకినావా బాల్యాన్ని ఆట మధ్యలో అల్లాడు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ చుట్టూ పెరిగినవాళ్లకు, ఒక్కో విద్యనూ విడిగా నేర్పే ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. ఫిట్టర్ పని నేర్చుకునే కుర్రాడి చేతికి ముందు ఆకురాయే ఇస్తారు. మూలమట్టం ఆనిస్తే సందులోంచి వెలుతురు కనబడనంత వరకు ఇనప దిమ్మను రాస్తూనే ఉండాలి.

అన్ని మాంగాలూ ఇంత నిజాయితీగా ఉండవు. 1960ల నాటి ‘క్యోజిన్ నో హోషి’లో బేస్‌బాల్ కుర్రాడికి తండ్రి ఒంటినిండా స్ప్రింగులు బిగిస్తాడు. చూడ్డానికి భలే ఉంటుంది, నమ్మడమే కష్టం. సాధనంటే రహస్యాస్త్రం సంపాదించడమే అయితే అది మన జానపద సినిమాల్లోని మంత్రదండానికి చుట్టమే. హరుయిచి ఫురుదాతె వాలీబాల్ మాంగా ‘హైక్యూ’ అలా కాదు. అందులో టోక్యో శిబిరంలో హీరో జట్టు వరసగా ఓడుతుంది, ఓడినప్పుడల్లా శిక్షగా నేలమీద డైవులు కొడుతుంది. అప్పటిదాకా కళ్లు మూసుకుని కొట్టిన హీరో హినాతా ఇక తెరిచి కొడతానంటాడు. దాంతో బంతి అందించే తోటి ఆటగాడితో బాగా నడుస్తున్న జోడీయే చెడిపోతుంది. బాగుపడాలంటే ముందు చెడాలని ఒప్పుకోవడం రచయితకు పెద్ద సాహసమే.

ఇక ఖరగ్‌పూర్‌లోని మా నిమ్‌పురాకు దగ్గరి కథ. 2001 నుంచి 2003 దాకా క్రికెటర్ ధోనీ ఖరగ్‌పూర్‌లో టికెట్ కలెక్టర్. 2016లో నీరజ్ పాండే అతని మీద తీసిన సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ భాగమే. 2011 ఏప్రిల్ 2న ప్రపంచకప్ ఫైనల్లో కులశేఖర బంతికి కొట్టిన సిక్సర్ దేశమంతా టీవీలో చూసిందే, ఫలితంలో ఉత్కంఠ ఏముంటుంది? ప్లాట్‌ఫారమ్ మీద నల్లకోటుతో గడిచిన రోజులు ముందుగా చూపించబట్టే అది కొత్త సిక్సర్ అయింది. కానీ ఇనౌయే పక్కన పెట్టి చూస్తే పాండే సగమే చేశాడు. ఎదురుచూపు చూపించాడు, నేర్చుకోవడం చూపించలేదు. సమోసాలిచ్చి స్నేహితుడి దగ్గర హెలికాప్టర్ షాట్ నేర్చుకునే ముచ్చట రాంచీ భాగంలో ఉంది. ఖరగ్‌పూర్ భాగంలో అలాంటిది నాకు దొరకలేదు. మూడు గంటలు దాటిన సినిమాలో, డ్యూటీ దిగాక ఆ చేతుల్లో ఏం మారిందో చూపించడానికి ఓ పది నిమిషాలు దొరక్కపోయేవా?