బాలింతకు సలహా: బీటన్ గ్రంథంలోని స్వరం ఎవరిది?

ఇసబెల్లా బీటన్ పేరుతో 1861లో లండన్‌లో వెలువడిన గృహనిర్వహణ గ్రంథాన్ని విమర్శకులు ప్రధానంగా వంటల పుస్తకంగానే పరిగణిస్తారు. అందులోని శిశుపోషణ ప్రకరణం మరింత నిశిత పరిశీలనను కోరుతుంది. పాలిచ్చే తల్లికి పగలు పదకొండు గంటలకు అర పింటు స్టౌట్ అనే నల్ల బీరు, ఒక బిస్కెట్ సరిపోతాయని అది చెబుతుంది. బిడ్డ పాలు తాగుతుండగా తల్లి నిద్రించరాదని హెచ్చరిస్తుంది. బాలింతకు బీరు అనగానే తెలుగు పాఠకులు ఉలిక్కిపడవచ్చు గాని, ఉద్దేశంలో అది మన శొంఠిపొడి, వెల్లుల్లి కారం వంటి పథ్యమే.

సలహా కంటె ఆలోచించవలసింది దానిని పలికిన గొంతును గురించి. వైద్య ప్రకరణాలను అనుభవజ్ఞుడైన ఒక శస్త్రవైద్యుడు సమకూర్చాడని బీటన్ ముందుమాటలోనే పేర్కొన్నారు. ఆయన పేరు మాత్రం చెప్పలేదు. తల్లి అనుభవం ప్రమాణం కావలసిన చోట పురుషవైద్యుని మాట ప్రమాణమైంది. గృహిణి మాటగా ఇల్లాళ్లు చదువుకున్నది ఆ మాటనే. బీటన్‌కు చెప్పడానికి అనుభవం లేకపోలేదు. ఆమె తొలి బిడ్డ 1857లో మూడు నెలలకే మరణించాడు. నాలుగో కాన్పు తరువాత, 1865లో, 28 ఏళ్ల వయస్సులో ఆమె కూడా కన్నుమూశారు.