జారుడుబల్ల కాని బొమ్మ

హెర్ట్జ్‌స్ప్రంగ్–రస్సెల్ బొమ్మని నేను మొదటిసారి చూసింది ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో, హాస్టల్లో ఎవరో వదిలేసి వెళ్లిన ఖగోళశాస్త్రం పుస్తకంలో. పై ఎడమ మూల నీలం చుక్కలు, మధ్యలో పసుపు, కింద కుడి మూల ఎరుపు. చుక్కలన్నీ కలిసి ఏటవాలుగా ఒక పట్టీలా దిగుతాయి. దాని మీద ‘మెయిన్ సీక్వెన్స్’ అని రాసుంది. నాకు కథ వెంటనే అర్థమైపోయింది: నక్షత్రం నీలంగా ధగధగలాడుతూ పుడుతుంది, వయసు మీదపడేకొద్దీ చల్లారి పసుపై, ఎరుపై, చివరికి ఆ కింది మూలలో ఆరిపోతుంది. పదేళ్లకు పైగా ఇదే నమ్మాను. ఇద్దరు ముగ్గురికి చెప్పాను కూడా.

ఆ కథ తప్పు. అయితే అలా చదివింది నేనొక్కణ్ణే కాదు, బొమ్మ గీసిన రస్సెల్ కూడా దాదాపు అలాగే చదివాడు. అందుకే దీన్ని సైన్సు పాఠంలా కాకుండా ఒక రచనలా తీసుకుని మాట్లాడాలనిపించింది. పాఠకుణ్ణి దారి తప్పించే గుణం ఈ రచనలోనే ఉంది.

ముందు అక్షాల సంగతి. ఉష్ణోగ్రత ఎడమ నుంచి కుడికి పెరగాలి కదా? ఇక్కడ తగ్గుతుంది. నిలువు అక్షం మీద కాంతి. ఎడమ నుంచి కుడికి చదవడం అలవాటైన కంటికి ఆ పట్టీ జారుడుబల్లలా కనబడుతుంది. పైన మొదలు, కింద ముగింపు. పైగా పేరు ‘సీక్వెన్స్’. తెలుగులో ‘ప్రధాన క్రమం’ అన్నాం, ఇంకా ఘోరం. క్రమం అనగానే ఒకదాని తర్వాత ఒకటి జరుగుతుందనే అనుకుంటాం.

నిజానికి ఆ బొమ్మలో కాలం అనే అక్షమే లేదు. వేర్వేరు వయసుల నక్షత్రాలన్నిటినీ ఒక్క క్షణంలో తీసిన గ్రూప్ ఫొటో అది. పట్టీ వెంట పై నుంచి కిందికి మారేది వయసు కాదు, బరువు. బరువైనవి పైన, తేలికవి కింద. లోపల హైడ్రోజన్ హీలియంగా మారుతున్నంత కాలం నక్షత్రం తన బరువుకు తగ్గ చోట దాదాపు కదలకుండా కూర్చుంటుంది. మన సూర్యుడు పుట్టి 460 కోట్ల ఏళ్లయింది. ఇన్నేళ్లలో కాంతి మూడోవంతుకు పైగా పెరిగింది, అంతే. జీవితంలో చాలా భాగం అక్కడే గడుస్తుంది కాబట్టే అక్కడ అన్ని చుక్కలు. బస్టాండులో జనం ఎక్కువ కనబడేది ఎదురుచూసే చోట కదా!

రస్సెల్ని తిట్టడం తేలిక, కానీ న్యాయం కాదు. 1913లో నక్షత్రాలకు శక్తి ఎక్కణ్ణించి వస్తుందో ఎవరికీ తెలీదు. కుంచించుకుపోవడం వల్ల వస్తుందన్నదే ఉన్నవాటిలో నమ్మదగిన ఊహ. దాని ప్రకారం పెద్ద ఎర్ర నక్షత్రం కుదించుకుంటూ వేడెక్కి నీలంగా మారుతుంది, ఆ తర్వాత పట్టీ వెంట చల్లారుతూ దిగుతుంది. చక్కగా అల్లిన కథ. 1924లో ఎడింగ్టన్ నక్షత్రం కాంతిని నిర్ణయించేది ముఖ్యంగా దాని బరువేనని చూపించాక కథ కూలింది. 20 సూర్యుళ్ల బరువున్న నక్షత్రం కింది మూలకి జారాలంటే తన బరువులో 99 శాతం దారిలో ఎక్కడో పారేసుకోవాలి మరి.

కథ పోయింది కానీ దాని మాటలు పోలేదు. ఇప్పటికీ శాస్త్రజ్ఞులు వేడి నక్షత్రాల్ని ‘ఎర్లీ టైప్’ అనీ చల్లనివాటిని ‘లేట్ టైప్’ అనీ అంటారు. పాత కోడ్‌లో అర్థం మారిపోయినా పేరు మార్చడానికి ఎవరూ సాహసించని వేరియబుల్స్ ఉంటాయే, అలా. మా ప్రాజెక్టులోనూ ఉన్నాయి.

ఈ బొమ్మ మీద నాకింత పట్టింపు ఎందుకంటే, ఇలాంటిదే ఇంకోటి నన్ను ముంచింది. మొదటి ఉద్యోగంలో ఒక చార్ట్ చూపించారు (అదీ హెచ్ఆర్ బొమ్మే, హెచ్ఆర్ వేరు). అడ్డంగా అనుభవం, నిలువుగా జీతం, చుక్కలన్నీ అందంగా పైకి ఎక్కుతున్నాయి. పదేళ్ల దగ్గరున్న చుక్కని చూసి అది నేనే అనుకుని ఇంటి లోన్ లెక్కలు కూడా వేసుకున్నా. ఆ చుక్కలు వేరే మనుషులవి, వేరే కాలంలో చేరినవాళ్లవి. మానేసినవాళ్లు, తీసేసినవాళ్లు అసలు బొమ్మలోనే లేరు. ఒక రోజు తీసిన ఫొటోని నా జీవితచరిత్రగా చదివాను.

పిల్లల పుస్తకాల్లో బాల్యం, యవ్వనం, ముసలితనం అంటూ నక్షత్రాల కథ చెప్పే పద్ధతి మీద నా అభ్యంతరం కూడా ఇక్కడే. ఆర్ద్రా నక్షత్రాన్ని ‘ముసలిది’ అంటారు. దాని వయసు సుమారు ఒక కోటి ఏళ్లు. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లయింది, అప్పటికి ఆర్ద్ర ఇంకా పుట్టనే లేదు. సూర్యుడి కంటే ఎంతో చిన్నది, కానీ బరువెక్కువ కాబట్టి ఇంధనాన్ని తగలేసుకుంది. పట్టీ అడుగున ఉన్న చిన్న ఎర్ర నక్షత్రాలకేమో విశ్వం వయసంతా, 1380 కోట్ల ఏళ్లూ, సరిపోలేదు. వాటిలో ఒక్కటి కూడా ఇంతవరకు హైడ్రోజన్ అయిపోయి పట్టీ దాటలేదు. ‘ముసలి’ అన్న ఒక్క మాట ఈ విడ్డూరాన్నంతా మింగేస్తుంది.

బొమ్మని సరిగ్గా చదవడానికి ఒక పద్ధతుంది, దానికి అందరినీ కలిపిన ఫొటో పనికిరాదు. ఒకేసారి పుట్టిన నక్షత్రాల గుంపు కావాలి. హెర్ట్జ్‌స్ప్రంగ్ 1911లోనే కృత్తికలకి విడిగా బొమ్మ గీశాడు. ఇలాంటి గుంపుల్లో బరువైనవి ముందుగా ఇంధనం అయిపోయి, పట్టీ వదిలి కుడివైపుకి ఉబ్బుతాయి. అంటే పట్టీ పై నుంచి మొదలుపెట్టి వెలిసిపోతూ వస్తుంది. ఎక్కడిదాకా వెలిసిందో చూస్తే ఆ గుంపు వయసు తెలుస్తుంది. 1952లో సాండేజ్, ష్వార్జ్‌షీల్డ్ ఈ మలుపు ఎందుకొస్తుందో లెక్కగట్టి చూపించారు. కాలం చివరికి బొమ్మలోకి వచ్చింది, అక్షంగా కాదు, ఖాళీగా.

కృత్తికల వయసు పది కోట్ల ఏళ్ల పైచిలుకు. మన కంటికి కనిపించే ఆ నీలి చుక్కలు ఏవీ పట్టీ వెంట జారి చిన్న ఎర్ర నక్షత్రాలు కావు. ఆ ఎర్రవీ అదే గుంపులో, వాటితో పాటే పుట్టి ఉన్నాయి. వందల్లో ఉన్నాయి. మా మేడ మీంచి కనబడవంతే.