ఆటబొమ్మ యెవరిది?

తాము చిన్నతనమున ఆడుకొన్న బొమ్మలను తలచుకొని మురియని తల్లిదండ్రులు అరుదు. బిడ్డకు ఊహ తెలియుచుండగనే తండ్రికి తన బొంగరము, తల్లికి తన లక్కపిడతలు జ్ఞప్తికి వచ్చును. ఆ వస్తువునే మరల సంపాదించి బిడ్డచేతిలో నుంచవలెనని తహతహ పుట్టును. ఇది సహజము, ప్రేమలక్షణము. ఐనను ఈ మురిపెము బొమ్మల మంచిచెడ్డలను నిర్ణయించుటకు చాలునా యని విచారింపవలసియున్నది. ఏలయన బొమ్మను కొనువారు పెద్దలు, ఆడువారు పిల్లలు. కొనువారి జ్ఞాపకము ఒక దారిని, ఆడువారి కోరిక వేరొక దారిని పోవుచుండును. అట్టిచో బొమ్మ యెవరిది? ఈ ప్రశ్నకు మన కావ్యములలో మంచి సమాధానములు కలవు. అందు మూడు తావులను పరిశీలించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

మొదటిది శూద్రకుని మృచ్ఛకటికము. నాటకమునకు పేరు తెచ్చిన మట్టిబండి ఆఱవ యంకమున మనకు కనబడును. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారుబండితో కొంతసేపు ఆడినాడు. ఆ పిల్లవాడు తన బండిని తాను తీసికొనిపోయినాడు. ఏడ్చుచున్న బాలునికి దాసి రదనిక మట్టితో ఒక బండిని చేసి యిచ్చినది. బాలునికి అది వలదు, బంగారుదే కావలెను. ఈమె నీ తల్లి యని రదనిక వసంతసేనను చూపగా, తల్లియైనచో ఇన్ని నగలేల యని బాలుడు శంకించును. ఆ మాటకు వసంతసేన మనసు కరగి, నగలన్నియు ఒలిచి మట్టిబండిని నింపి, వీనితో బంగారుబండి చేయించుకొమ్మనును.

ఇచ్చట వసంతసేన ఔదార్యము మెచ్చదగినదే. కాని కవి అంతటితో ఆగలేదు. ఆ నగలను తిరిగి యిచ్చివేయుటకై తీసికొని బయలుదేరిన మైత్రేయుడు న్యాయసభలో శకారునితో కలహించుచుండగా అవి వాని చంకనుండి జారి నేలపడును. నగలకై వసంతసేనను చంపినాడని నింద మోయుచున్న చారుదత్తునిపై అవియే సాక్ష్యమై వధ్యస్థానమునకు దారి తీయును. బిడ్డ ఆటవస్తువును పెద్దలు తమ విలువతో నింపిరి. నింపినంతనే అది ఆటవస్తువు కాకపోయెను. మట్టిబండి మట్టిబండిగానే యున్నచో దానిని సభకు ఈడ్చు పని యెవరికిని కలుగదు గదా!

ఇంకొక సూక్ష్మము కలదు. రదనిక బండిని చేసి యిచ్చినది. బాలుని చేత చేయింపలేదు. తడిమన్ను వాని చేతికే యిచ్చి, చక్రములను వానినే గుండ్రముగా చేయనిచ్చియున్నచో పొరుగింటి బంగారము వానికి అంత గుర్తుండెడిది కాదేమో! పిల్లవానికి వస్తువు విలువ చేతిపనివలన తెలియునుగాని ఖరీదువలన తెలియదు. ఖరీదువలన తెలిసినచో ఆ పాఠము నేర్పినవారు పెద్దలే.

రెండవది అభిజ్ఞాన శాకుంతలమున సప్తమాంకము. సింహపు పిల్లను పట్టి యీడ్చుచున్న సర్వదమనుని మాన్పుటకు తాపసి వేరొక ఆటవస్తువు తెప్పించును. అది రంగులు వేసిన మట్టినెమలి. మార్కండేయుడను ముని బాలునిది. పక్షి లావణ్యమును చూడుమని తాపసి ప్రాకృతమున పలికిన మాటలలో శకుంతల పేరు ధ్వనించును. బాలుడు తన తల్లి యెక్కడ నని వెదకును. ప్రక్కన నిలిచి వినుచున్న దుష్యంతునికి గుండె ఝల్లుమనును.

ఈ నెమలి తండ్రికి ఒక గుర్తు, పోగొట్టుకొన్నదాని జాడ. బిడ్డకు మాత్రము అది నెమలియే. తల్లి కాదని తెలిసిన పిమ్మట వాడు నెమలి నాకు నచ్చినదని చెప్పి దానిని చేకొనును. అంతే. దుష్యంతుని యుద్వేగము వాని ఆటకు అడ్డు రాలేదు. వాని ఆట దుష్యంతుని యుద్వేగమును తక్కువ చేయలేదు. తన బొమ్మను బిడ్డచేతిలో చూచి కన్నీరు తెచ్చుకొను తండ్రికి ఇంతకన్న మేలైన మర్యాద మేమెరుగము. కన్నీరు తండ్రిది, నెమలి బిడ్డది. తన కన్నీటిని బిడ్డకు అర్థము చేసి తీరవలెనని పట్టుపట్టు పెద్దలు ఈ యంకమును మరల చదువుట మంచిది.

మూడవది భారతము. విరాటపర్వమున ఉత్తర గోగ్రహణమునకు కౌరవసేన వచ్చినప్పుడు, బృహన్నల సారథిగా బయలుదేరుచుండగా, విరాటుని కూతురు ఉత్తర యొక కోరిక కోరును. కౌరవవీరుల మేలి వస్త్రములను తన బొమ్మలకు తెమ్మనును. అర్జునుడు ఆ వీరులను మూర్ఛితులను గావించి, ఉత్తరకుమారుని చేత వారి వస్త్రములను తీయించి తెచ్చును. మహాయోధుల యుత్తరీయములు బాలిక బొమ్మలకు బట్టలైనవి. ఇంత చక్కని హాస్యము భారతమున అరుదు.

కాని చదువరి పుట త్రిప్పవలెను. ఆ పర్వము ముగియకమునుపే ఉత్తరకు అభిమన్యునితో వివాహమగును. యుద్ధమున పదుమూడవనాడు అభిమన్యుడు కూలును. గర్భమున పరీక్షిత్తును మోయుచు ఆమె విధవయగును. బొమ్మకు బట్ట కోరిన బాలికయు, రణరంగమున భర్త శవముపై పడి విలపించిన యిల్లాలును ఒక్కతెయే. ఈ రెండు చిత్రములను ఒకచోట చేర్చి చూచుట చదువరి పని. చేర్చినవానికి ఆ హాస్యమే గొంతున అడ్డుపడును.

ఇది పురాణకథ యని త్రోసివేయుటకు వీలులేదు. మన యిండ్లలో ముత్తవలు తమ తాటాకుబొమ్మలను, బొమ్మలపెండ్లిండ్లను తలచుకొన్నప్పుడు ఎంత ముచ్చటగా చెప్పుదురో చదువరులెరుగుదురు. చిన్న పందిరి, పసుపుబట్ట, బెల్లపుముక్కల విందు అన్నియు వారికి నిన్నటివలె కనబడును. వినువారు మురిసి ఊరకుందురు. ఆ బొమ్మ వారి చేతినుండి ఎప్పుడు పోయినదని అడుగువారు తక్కువ. అడిగినచో చాలమంది చెప్పు సమాధానము ఒక్కటే: నా పెండ్లియైనప్పుడు. బొమ్మకు పెండ్లి చేసిన చేతికే కంకణము కట్టిరి. ఆ బొమ్మపై మిగిలిన మక్కువలో సగము, ఆట ముగియకముందే ఆపివేయబడినదను దుఃఖమే. 1929లో శారదా చట్టము బాలికకు 14, బాలునికి 18 ఏండ్లు కనిష్ఠ వయస్సుగా నిర్ణయించినది. 2006 నాటి చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని బాలికకు చేయు పెండ్లి బాల్యవివాహమే. ఐనను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 20 మొదలు 24 ఏండ్ల వయసు గల స్త్రీలలో నూటికి సుమారు 29 మందికి పదునెనిమిది నిండకమునుపే పెండ్లియైనదని తేలినది. కావున బొమ్మలపెండ్లి ముచ్చట విని మురియువారు ఆ ముచ్చటను చివరివరకు వినవలెను.

ఇక మన యిండ్లలోని బొమ్మల మాట. కొండపల్లి బొమ్మను ఎరుగని తెలుగువారుండరు. తేలికయైన పొనికికఱ్ఱను చెక్కి, చింతగింజల పిండియు కఱ్ఱపొట్టును కలిపిన మక్కుతో అవయవములను అతికి, సున్నము పూసి, రంగులు వేయుదురు. గీత కార్మికుడు, ఏనుగు అంబారీ, దశావతారములు చూడ ముచ్చటగొలుపును. ఇట్టి బొమ్మను బాల్యస్మృతితో కొని తెచ్చిన తండ్రి దానిని అద్దాల బీరువాలో నిలిపి, బిడ్డ చేయి చాపినంతనే తాకవద్దని గద్దించును. కొలువుదీర్చుటకే చేసిన బొమ్మయైనచో అట్లే చెప్పి నిలుపవచ్చును, అందు తప్పులేదు. బిడ్డకై తెచ్చితినని చెప్పుటయే అసత్యము. అది తండ్రి తనకై తెచ్చుకొన్నది.

ఏటికొప్పాక లక్కబొమ్మ దీనికి భిన్నము. వరాహనది యొడ్డున నున్న ఆ గ్రామమున అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి, తిరుగుచున్న కఱ్ఱకు రంగులక్కను ఒత్తుదురు. ఒరపిడి వేడిమికి లక్క కరగి కఱ్ఱకు నున్నగా పట్టును. అంచులు మొనదేలి యుండవు. పసివాడు నోటబెట్టుకొన్నను గ్రుచ్చుకొనదు. నోటబెట్టుకొనునని తెలిసియే చెట్టుచేమల రంగులను మరల వాడుకలోనికి తెచ్చుట ముఖ్యమైనది. ఆ కృషికి పేరొందిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఇది పెద్దల జ్ఞాపకమునకు గాక పిల్లవాని నోటికి జవాబు చెప్పిన కళ. బొమ్మల విమర్శకు ఇంతకన్న మంచి కొలమానము దొరకదు.

అట్లని జ్ఞాపకము పనికిరానిదని మేము చెప్పము. దేనిని జ్ఞాపకముంచుకొనవలెనో తెలియవలెను. వేసవిలో తాటిముంజలు తిన్న పిమ్మట ఖాళీకాయలు రెండింటిని చిన్న పుల్లతో ఇరుసుగా కూర్చి, ఆ పుల్లపై పంగలకఱ్ఱను ఆనించి త్రోయుచు మేమందరము వీధులవెంట పరుగెత్తినాము. ఆ బండికి ధర లేదు. కొన్నాళ్ళకు ఎండి వ్రీలిపోవును. మరుసటి వేసవికి మరల చేయవలెను. దాచిపెట్టుటకు ఏమియు లేదు గనుక దానిని గూర్చి మాకు మిగిలినది ఆట మాత్రమే. ఆంగ్లమున స్టీవెన్సను బాలక్రీడలను గూర్చి వ్రాసిన వ్యాసమున, తానును తన పెదతండ్రి కొడుకును ఉదయపు గంజిని దేశముగా భావించి, ఒకడు చక్కెరతో మంచును, ఒకడు పాలతో వరదను కల్పించుకొని తిన్నట్లు చెప్పినాడు. గంజిపళ్ళెమే బొమ్మయైన యింట అంగడిబొమ్మ కొఱత కాదు.

కాబట్టి తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. మీ బొంగరమును, మీ లక్కపిడతలను బిడ్డకు తప్పక యిండు. ఆడు విధమొకసారి చూపుడు. ఆ పిమ్మట చేయి తీయుడు. బిడ్డ బొంగరమును త్రిప్పక దానికి బట్ట చుట్టి నిద్రపుచ్చిన నిద్రపుచ్చనిండు. పిడతలలో వంట మాని చీమలను పెంచిన పెంచనిండు. కూతురు బొమ్మను వదలు దినమును కూతురే నిర్ణయించుకొనవలెను. విరిగినదానికై కోపపడకుడు. విరిగినది బిడ్డ బొమ్మ. మీ చిన్నతనము కాదు.