పరారీ అన్న మాట: 'కొచ్చరేత్తి' చివరి పుటలూ ఎగైలా చదువరులూ

మలయాళ రచయిత నారాయణ్ రాసిన 'కొచ్చరేత్తి' నవల ఒక ఆసుపత్రి దగ్గర ముగుస్తుంది. జబ్బుపడ్డ కొచ్చురామన్‌ను కొండ మీదినుంచి పట్నపు ఆసుపత్రికి చేరుస్తారు. శస్త్రచికిత్స చేయాలని వైద్యులు నిర్ణయిస్తారు. కోతకు భయపడి, భార్య కుంజిపెణ్ణుతో కలిసి అతను ఎవరికీ చెప్పకుండా అక్కడినుంచి వెళ్ళిపోతాడు. నవల అక్కడ ఆగిపోతుంది.

కువైట్ నగరానికి దక్షిణాన, అహ్మదీ గవర్నరేట్‌లో సముద్రానికి చేరువగా ఉన్న ఎగైలాలో కొందరు తెలుగు చదువరులు శుక్రవారం సాయంత్రాలు ఆన్‌లైన్‌లో కలుసుకొని ఆదివాసీ కుటుంబ నవలలు చదువుతున్నప్పుడు, చర్చ ఈ చివరి పుటల దగ్గరే చిక్కుకొని ముందుకు సాగలేదు. రెండున్నర గంటల తేడాతో భారతదేశం నుంచి పాల్గొన్నవారికి అది భోజనాల వేళ. అయినా లేచి వెళ్ళినవారు లేరు. ఒక పక్షం దీన్ని అజ్ఞానం అన్నది. చదువు, వైద్యం అందుబాటులోకి వచ్చిన తరువాత కూడా వాటిని అందుకోలేకపోయిన తరపు విషాదం అన్నది. రెండవ పక్షం దీన్ని ధిక్కారం అన్నది. ఆధునికతకు ఆదివాసి చెప్పిన 'కాదు' అన్నది. రెండు వాదాలూ ఒకచోట కలుస్తాయి. కొచ్చురామన్‌ను ఒక ప్రతీకగా మార్చుకుంటే తప్ప ఈ రెండింటిలో ఏదీ నిలబడదు. నవల మాత్రం అతన్ని చివరిదాకా ఒక ఇంటి మనిషిగానే ఉంచింది.

ఈ నవల 1998లో వచ్చింది. నారాయణ్ మలయరయ తెగకు చెందినవాడు, తపాలా శాఖలో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవాడు. కేరళలో ఆదివాసి రాసిన తొలి నవలగా దీన్ని చెప్పుకుంటారు. కేథరిన్ తంకమ్మ ఆంగ్లానువాదం 2011లో వెలువడింది. ఎగైలా చదువరులు చేతబట్టుకున్నది ఆ అనువాదాన్నే. రచనాశిల్పం దృష్ట్యా ఇది సమంగా సాగిన నవల కాదు. కొన్ని పాత్రలు ముఖం ఏర్పడకముందే తప్పుకుంటాయి. కొన్ని అధ్యాయాలు ఊరి దస్తావేజులా నడుస్తాయి. కానీ ఒక ఇల్లు ఎలా నిలబడుతుందో, ఏ చెట్టు పంట మీద ఏ పెళ్ళి ఆధారపడి ఉంటుందో, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పడంలో రచయితకు తొందర లేదు. బయటివాళ్ళు తమను చిత్రిస్తూ వచ్చిన తీరుకు జవాబుగా కలం పట్టిన రచయిత, ఆ జవాబును వాదనగా రాయకుండా సంసారంగా రాయడం ఈ నవలకు దక్కిన అదృష్టం.

ఆ సంసారాన్ని మొదటినుంచీ చదివినవారికి చివరి పుటలు హఠాత్తుగా అనిపించవు. కొచ్చురామన్ స్వయంగా నాటువైద్యం తెలిసినవాడు. ఏ ఆకు ఏ నొప్పికో ఎరిగి, ఇతరులకు మందిచ్చిన చేయి అతనిది. వైద్యం అంటే తెలియక పారిపోయాడనడం కథాక్రమానికే విరుద్ధం. నవల పొడుగునా కొండకింది నుంచి వచ్చిన ప్రతి వ్యవస్థా అతని ఇంటినుంచి ఏదో ఒకటి పట్టుకుపోయింది. మిరియాలు కొనే వర్తకుడి లెక్క ఏనాడూ ఆ ఇంటి లెక్కతో సరిపోలేదు. బడి కూతురు పార్వతిని చదివించింది, ఉద్యోగమూ ఇప్పించింది. ఆ చదువే ఆమెను పట్నానికి చేర్చి ఇంటికి దూరం చేసింది. అటువంటివాడి ఎదుట చివరగా ఒక వ్యవస్థ కత్తితో నిలిచి, నీ మేలుకే అంటున్నది. అతని అనుభవంలో ఆ మాట విన్న ప్రతిసారీ ఎవరి మేలు జరిగిందో అతనికి తెలుసు.

ఇక్కడ ఆసుపత్రి పక్షాన కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. శస్త్రచికిత్స అవసరమన్న వైద్యుడు దోపిడిదారు కాడు. బహుశా అతను చెప్పినది నిజమే. కొచ్చురామన్ వెళ్ళిపోవడం వల్ల ప్రాణం పోయే అవకాశం ఉన్నదన్నదీ నిజమే. ధిక్కారవాదులు ఈ సంగతిని దాటవేశారు. రోగి భయాన్ని రాజకీయ ప్రకటనగా కీర్తించడం తేలిక, ఎందుకంటే నొప్పి కీర్తించేవారిది కాదు. ఆసుపత్రులలో ఇలాంటి నిష్క్రమణలకు రెండు గళ్ళున్నాయి: వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళ్ళినవారు, చెప్పకుండా వెళ్ళినవారు. మొదటి గడిలో రోగి సంతకం ఉంటుంది. రెండవ దానిలో ఉండదు. అక్కడ వాడుకలో ఉన్న మాట 'పరారీ'. మరునాటి ఉదయం మంచం ఖాళీగా కనబడితే నర్సు ఆ మాట రాసి సంతకం చేస్తుంది. అంగీకారపత్రం మీద వేలిముద్ర వేయించుకునే ముందు కోత అంటే ఏమిటో, ఎక్కడ కోస్తారో, ఎన్నాళ్ళకు మానుతుందో రోగి భాషలో, అతను నమ్మే మనిషి ఎదుట చెప్పారా అన్న ప్రశ్నకు ఆ దస్త్రంలో గడి లేదు.

'పరారీ' అన్న మాట ఎగైలాలో వినబడే తీరు వేరు. కువైట్‌లో వలస కార్మికుడి నివాస హక్కు యజమానితో, అంటే కఫీల్‌తో ముడిపడి ఉంటుంది. పనిచోటు విడిచి వెళ్ళినవారి మీద యజమాని పెట్టగలిగే ఫిర్యాదు పేరు కూడా పరారీయే. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాలనుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, ఇంటి డ్రైవర్లు 20వ నంబరు వీసా మీద ఉంటారు. జీతం అందకో, చేయి చేసుకోవడం భరించలేకో ఆ ఇంటినుంచి బయటికి వచ్చిన స్త్రీ మరుక్షణం చట్టం దృష్టిలో పరారీ; తోటివారి నోట 'ఖల్లివల్లి'. ఆమె దేనినుంచి వెళ్ళిందన్నది ఆ మాటలో లేదు. వెళ్ళిందన్నది మాత్రమే ఉంది. పోగొట్టుకున్నవాడి తరఫున పుట్టిన మాట అది. వెళ్ళినవారి తరఫున దానికి అర్థమే లేదు. నారాయణ్ చేసిన పని, అదే నిష్క్రమణను మంచం పక్కన నిలబడి, వెళ్ళే ఇద్దరి వైపునుంచి రాయడం.

కుటుంబం అన్న మాట కూడా అక్కడ జీతంతో కొలవబడుతుంది. ఆగిపోయిన కుటుంబ వీసాలను 2024 జనవరిలో తిరిగి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కనీసం 800 దీనార్ల నెలజీతం ఉండాలన్న నిబంధన వచ్చింది. భార్యాపిల్లలతో ఎగైలాలో కాపురం పెట్టి, వారాంతంలో నవల చదవగలిగినవారు ఆ గీతకు పైనున్నవారు. పరారీ మాట ఎవరి మీద పడుతుందో వారు ఈ చర్చలలో ఉండరు. చాలామందికి శుక్రవారం సెలవు కూడా ఉండదు. ఆదివాసీ జీవితాన్ని ఆదివాసి లేకుండా చర్చించిన తెలుగు సాహిత్య సభలకూ ఈ ఆన్‌లైన్ సభలకూ ఈ విషయంలో తేడా తక్కువ.

ఆ పోలిక తెలుగు నవల మీదికి దృష్టి మళ్ళిస్తుంది. అంతకుముందు పొరుగునున్న ఒరియా నవల ఒకటి చూడాలి. గోపీనాథ్ మహంతి 'పరజా' 1945 నాటిది. కథాస్థలం కోరాపుట్ కొండలు. ఒడిశా రాష్ట్రం ఏర్పడిన 1936 దాకా ఆ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో భాగమే కాబట్టి తెలుగు పాఠకుడికి అది పరాయి నేల కాదు. సుక్రు జాని, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. పెద్ద కూతురిని కోరి భంగపడ్డ అటవీ ఉద్యోగి కక్షగట్టి జరిమానా వేయించడంతో అప్పు, అప్పుతో గోతి అనే వెట్టి, వెట్టితో ఇల్లు చెదరడం, చివరికి సాహుకారు హత్య. ప్రభుత్వోద్యోగి అయిన మహంతికి ఆ కొండలు బాగా తెలుసు, ప్రేమా ఉంది. అయితే ఆయన నవలలో ఇల్లు కూలడానికే కట్టినట్టు ఉంటుంది. ప్రతి ఆనందం రాబోయే పతనానికి ముందుమాట. చదివినవాడు కన్నీరు పెట్టుకుంటాడు, ఆ కన్నీటితో తన బాధ్యత తీరిందనుకుంటాడు. 'కొచ్చరేత్తి' అలాంటి సౌకర్యం ఇవ్వదు. దానిలోని ఇల్లు నష్టపోతూనే పెళ్ళిళ్ళు చేస్తుంది, మిరియపు తీగలు పాకిస్తుంది, పోట్లాడుకుంటుంది.

తెలుగులో భూషణం 'కొండగాలి' కథలు, అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీము' నవల ఆదివాసిని పోరాటం గుమ్మంలో నిలబెట్టి చూపించాయి. శ్రీకాకుళం, ఆదిలాబాదు కొండలలో జరిగినదాన్ని అప్పుడు అలా రాయడం అవసరమే. 1940లో జోడెఘాట్ దగ్గర నేలకొరిగిన భీము పేరు మైదానపు పాఠకుడి ఇంటికి చేరడంలో ఆ నవల పాత్ర చిన్నది కాదు. కానీ గుమ్మం దాటి లోపలికి వెళ్ళినవారు తక్కువ. గోండులలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల శాఖలున్నాయనీ, ఎవరికి ఎవరు అన్నదమ్ములో ఎవరికి ఎవరు వియ్యంకులో ఆ అంకెతోనే తేలుతుందనీ మానవశాస్త్ర గ్రంథం చదివినవాడికి తెలుస్తుంది గాని, తెలుగు కథాపాఠకుడికి తెలియదు. వరసలు తెలియని ఇంట్లో ఏ మాట ప్రేమో, ఏ మాట అవమానమో ఎలా పోల్చుకోవడం? మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలతోనూ, 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం పొందిన రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలతోనూ ఆ లోపలి గదులలో దీపం వెలగడం మొదలైంది. ఇవి కథలు, తరాల పొడుగున సాగే ఇంటి నవల కోసం ఇంకా చోటు ఖాళీగానే ఉంది.

ఆ చోటులో ఏముండవచ్చో హాంస్దా సౌభేంద్ర శేఖర్ ఆంగ్ల నవల సూచిస్తుంది. రూపీ బాస్కే అనే సంతాలీ స్త్రీకి వచ్చిన అంతుచిక్కని జబ్బు 2014లో వెలువడిన ఆ నవలకు ఇతివృత్తమూ, పేరూ కూడా. వరిపొలం నడుమ బురదలో తొలి బిడ్డను కన్న బలశాలి, పెళ్ళయి వచ్చిన ఊరిలో క్రమంగా శుష్కించిపోతుంది. భర్త వేరొక స్త్రీకి దగ్గరవుతాడు. ఆ స్త్రీ మంత్రగత్తె అన్న అనుమానం ఇంటి చుట్టూ తిరుగుతుంది. రచయిత వృత్తిరీత్యా వైద్యుడు, ఝార్ఖండ్ ప్రభుత్వ వైద్యాధికారి. అయినా జబ్బుకు వైద్యశాస్త్రపు పేరు పెట్టడు. ఈ నవల చదివే ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు ఆ పని తామే చేయబోతారు: రక్తహీనత, క్షయ, మానసిక కుంగుబాటు. లక్షణాలు కొన్ని దేనికైనా సరిపోతాయి. కానీ రోగనిర్ణయం అయిన క్షణాన భర్త, అత్త, ఊరు, అసూయ, అందరూ నిర్దోషులైపోతారు. మిగిలేది మాత్రల చీటీ. పేరు పెట్టగలిగి కూడా పెట్టకపోవడంలో ఉన్న నిగ్రహం వైద్యవృత్తిలో ఉన్నవారికి ఇంకొంచెం బాగా అర్థమవుతుంది. అలాగని రచయిత మంత్రాలను నమ్మమని చెప్పడు. ఆ ఇంట్లో ఆ నమ్మకం ఏం పని చేసిందో చూపిస్తాడు, అంతే. సొంత ఇంటి గురించి రాసినందుకు మెప్పే దక్కుతుందని ఎవరూ అనుకోనక్కరలేదు. ఆయన కథల సంపుటిని, సంతాలీ స్త్రీలను కించపరిచిందన్న ఆరోపణ మీద, ఝార్ఖండ్ ప్రభుత్వం 2017లో కొన్ని నెలలు నిషేధించింది.

అమెరికాలో లూయీస్ ఎర్డ్రిక్ 2020లో ప్రచురించిన 'ది నైట్ వాచ్‌మన్' కూడా ఈ వరుసలో పెట్టదగినదే. 1953లో అమెరికన్ కాంగ్రెస్ కొన్ని తెగలను సమాఖ్య పర్యవేక్షణ నుంచి విముక్తం చేయాలని తీర్మానించింది. విముక్తి అంటే ఒప్పందాల రద్దు, భూమి మీద రక్షణ పోవడం. రచయిత్రి తాతగారి జీవితం ఆధారంగా మలచిన రాత్రి కాపలాదారు ఆ తీర్మానం మీద పోరాడుతుండగా, ప్యాట్రీస్ అనే యువతి నగరంలో తప్పిపోయిన అక్కను వెతుక్కుంటూ వెళుతుంది. ప్రభుత్వం విముక్తి అన్నదాన్ని ఇంట్లో ఏమంటారో ఆ నవల నింపాదిగా వినిపిస్తుంది. దాని నైపుణ్యం ముందు నారాయణ్ నవల మోటుగా కనబడవచ్చు. ఎర్డ్రిక్ కథను ఒక ఒడ్డుకు చేరుస్తుంది. నారాయణ్ ఆసుపత్రి బయట వదిలేస్తాడు.

మళ్ళీ ఆ చివరి పుటల దగ్గరికి వస్తే, ఎగైలా చర్చలో రెండు పక్షాలూ కొచ్చురామన్ ఎందుకు పారిపోయాడనే అడిగాయి. 'కొచ్చరేత్తి' అంటే అరయ తెగ పడుచు. పుస్తకానికి పేరు కుంజిపెణ్ణుది. వెళ్ళినది ఇద్దరు. అందులో ఒకరికి జబ్బు లేదు, కోత భయమూ లేదు. ఆసుపత్రి దస్త్రంలో ఆమెకు మంచం నంబరు లేదు కాబట్టి పరారీ పట్టికలో ఆమె పేరు ఎక్కదు. కూతురు ఉన్న పట్నాన్ని వెనక వదిలి, బతుకుతాడో లేదో తెలియని మనిషితో ఆమె ఎందుకు నడిచిందన్నది ఆ సాయంత్రం ఎవరూ అడగలేదు.