ముప్పై మైక్రాన్లు ఎక్కడ పుట్టాయి?

హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో ఒక చిన్న జాబ్‌షాపు. మూడు సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్లు, రెండు లేత్‌లు, మూలన ఏసీ గదిలో కొలతలు తీసే సీఎంఎం. అక్కడి సెట్టర్ ఒకాయన ఒక పూటంతా చేసిన పని గురించి రాస్తున్నాను. ఆ పూట ఆయన కొత్తగా తయారుచేసిన వస్తువేమీ లేదు. ఒక తప్పు ఎక్కడ పుట్టిందో వెతికి పట్టుకున్నాడు, అంతే. నేను దగ్గరగా చూసిన గొప్ప పనితనాల్లో అదొకటి.

జాబ్ ఒక అల్యూమినియం హౌసింగ్. దాని మధ్య 40 మి.మీ. బోర్ లేత్ మీద ముందే అయిపోయింది. మిల్లింగ్‌లో ఆ బోర్ చుట్టూ ఆరు రంధ్రాలు వేయాలి. స్పిండిల్‌కు తగిలించిన ప్రోబ్ బోర్‌లోకి దిగి, నాలుగు వైపులా గోడను తాకి, నడిమధ్య ఎక్కడుందో లెక్కగట్టి జీ54లో రాస్తుంది. మెషిన్‌కు తన జీరో తనకు ఉంటుంది. జాబ్ జీరో అక్కడినుంచి ఎంత దూరంలో ఉందో చెప్పేదే జీ54, అంటే వర్క్ ఆఫ్‌సెట్. ప్రోగ్రాంలోని ప్రతి కొలతా ఆ జీరో నుంచే మొదలవుతుంది. ఆ రోజు మొదటి జాబ్‌ను సీఎంఎం మీద పెడితే ఆరు రంధ్రాలూ కూడబలుక్కున్నట్టు ఎక్స్ దిశలో 30 మైక్రాన్లు జరిగి ఉన్నాయి. వై మాత్రం సరిగ్గా ఉంది.

"జీ54 ఎక్స్‌ల 0.03 కొడితే అయిపోతది కదన్నా" అన్నాడు ఆపరేటర్.

"ఆగు తమ్మీ. అది యాడికెల్లి వచ్చిందో చూద్దాం. తెల్వకుండ కొడితే రేపు ఇంకో దిక్కుకు పోతది."

ఆ పూట ఆయన చేసిందంతా ఈ మాటకు కట్టుబడి చేసిందే.

ఆయన వెతికిన తీరు అర్థం కావాలంటే ప్రోబ్ కడుపులో ఏముందో తెలియాలి. 1970ల మొదట్లో రోల్స్‌రాయిస్‌లో పనిచేస్తున్న డేవిడ్ మెక్‌మర్ట్రీ, కాంకార్డ్ విమానపు ఒలింపస్ ఇంజన్‌లోని సన్నని ఇంధన గొట్టాలను కొలవడానికి దీన్ని కనిపెట్టారు. ఆ తర్వాత 1973లో జాన్ డీర్‌తో కలిసి రెనిషా సంస్థను స్థాపించారు. లోపల మూడు చిన్న కడ్డీలు ఉంటాయి. ఒక్కో కడ్డీ రెండేసి గుండ్ల మధ్య కూర్చుంటుంది. మొత్తం ఆరు ఆనికలు. వాటి గుండా కరెంటు పారుతూ ఉంటుంది. స్టైలస్ అనే సన్నని పుల్ల కొనలోని రూబీ గుండు దేన్నైనా తాకి పక్కకు ఒరిగితే ఆనిక సడలుతుంది, సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఆ క్షణంలో మెషిన్ ఎక్కడుందో కంట్రోల్ గుర్తుపెట్టుకుంటుంది. ఒత్తిడి తీయగానే స్ప్రింగ్ ఆ మూడు కడ్డీలనూ మళ్ళీ అదే చోట కూర్చోబెడుతుంది. ప్రోబ్ మీద నమ్మకమంతా ఆ 'అదే చోట' అన్న మాట మీదే నిలిచి ఉంది.

అందుకే సెట్టర్ మొదటి పరీక్ష దానికే పెట్టాడు. బోర్ గోడను గుడ్డతో తుడిచి, ఎయిర్ కొట్టి, చిప్ గాని కూలెంట్ పొర గాని లేకుండా చేశాడు. ఒకే బిందువును ఐదుసార్లు తాకించి, ఐదు రీడింగ్‌లూ చేతి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఐదూ రెండు మైక్రాన్ల లోపు కలిశాయి. రీడింగ్ ఒక్కోసారి ఒక్కోలా వస్తే స్టైలస్ లూజై ఉండాలి, లేదా మురికి ఉండాలి. ప్రతిసారీ ఒకే అంకె, అదీ తప్పు అంకె వస్తోందంటే దోషం ఇంకోచోట ఉంది.

రెండో పరీక్ష ప్రోబ్‌ను పక్కన పెట్టి చేశాడు. లెవర్ డయల్‌ను స్పిండిల్‌కు బిగించి, చేత్తో మెల్లగా తిప్పుతూ బోర్ గోడ చుట్టూ నడిపించాడు. నాలుగు వైపులా ముల్లు ఒకేచోట నిలిచేదాకా ఎక్స్, వై జరిపాడు. అదీ అసలు సెంటర్. ఆ అంకెను జీ54తో పోలిస్తే ఎక్స్‌లో సరిగ్గా 30 మైక్రాన్ల తేడా. మెషిన్ తప్పు లేదు, ప్రోగ్రాం తప్పు లేదు. తప్పు చెబుతున్నది ప్రోబే.

అప్పుడు నేను అడిగాను: "బోర్ డయామీటర్ 40 అని ప్రోబ్ సరిగ్గానే చెప్పింది కదా?" ఆయన నోటుబుక్కులో ఒక వృత్తం గీసి చూపించాడు. రూబీ గుండు స్పిండిల్ అక్షం నుంచి పక్కకు జరిగి ఉంటే, ఇటు గోడను ఎంత ముందు తాకుతుందో అటు గోడను అంత ఆలస్యంగా తాకుతుంది. రెండూ కలిపి చూస్తే వ్యాసం సరిగ్గానే వస్తుంది, కేంద్రం మాత్రం జరుగుతుంది. అదే ప్రోబ్‌లో నమోదైన గుండు సైజు తప్పయితే కథ తిరగబడుతుంది: కేంద్రం సరిగ్గా వస్తుంది, వ్యాసం తప్పుతుంది. ఈ ఒక్క బొమ్మతో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోయింది.

మూడో పరీక్ష రుజువు కోసం. స్పిండిల్‌ను 180 డిగ్రీలు తిప్పి నిలిపి, అదే బోర్‌ను మళ్ళీ కొలిచాడు. కేంద్రం ఈసారి అవతలి వైపుకు దూకింది. రెండు రీడింగ్‌ల మధ్య 60 మైక్రాన్లు, అందులో సగం 30. ఆరా తీస్తే ముందురోజు నైట్ షిఫ్టులో స్టైలస్ విరిగితే కొత్తది వేశారని తేలింది. రనౌట్, అంటే తిరిగేటప్పుడు గుండు ఎంత పక్కకు ఊగుతోందో, చూడలేదు. కాలిబ్రేషన్ చేయలేదు. పాతది నడిమధ్యనే ఉండేది గనుక మెమరీలో ఎక్స్ దిద్దుబాటు సున్నా దగ్గరే ఉండిపోయింది.

ఇక ఆయన చేతులు చూడాలి. రూబీ గుండుకు డయల్ ముల్లు ఆనీ ఆననట్టు పెట్టాడు. గట్టిగా ఆనితే ప్రోబే కదిలిపోతుంది. స్పిండిల్‌ను చేత్తో తిప్పుతూ, ప్రోబ్ మెడ దగ్గరి నాలుగు స్క్రూలలో ఒకటి వెంట్రుకవాసి వదులు చేసి, ఎదురుదాన్ని అంతే బిగించాడు. వీణ బిరడ తిప్పేవాళ్ళ వేళ్ళలో ఉండే ఓపిక ఆ వేళ్ళలో ఉంది. ముల్లు కదలిక ఐదు మైక్రాన్లకు దిగేదాకా ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత రింగ్ గేజ్‌ను టేబుల్ మీద పెట్టి, దాని సెంటర్‌ను డయల్‌తో పట్టి, కాలిబ్రేషన్ సైకిల్ నడిపాడు. జాబ్‌ను కొలిచే ఫీడ్‌తోనే కాలిబ్రేషన్ కూడా చేయాలని ఆపరేటర్‌కు చెప్పాడు. సిగ్నల్ ఒక్క మిల్లీసెకను ఆలస్యమైతే, నిమిషానికి 60 మి.మీ. ఫీడ్‌లో ఒక మైక్రాను తేడా. 600 ఫీడ్‌లో అదే పది మైక్రాన్లు.

ఆఫ్‌సెట్ తప్పులన్నీ ప్రోబ్ దగ్గరే పుట్టవు. ప్రోబ్ జీ54లో రాస్తే ప్రోగ్రాం జీ55 పిలుస్తూ ఉండొచ్చు. కామన్ ఆఫ్‌సెట్‌లో ఎవరో వదిలేసిన అంకె అన్ని జాబ్‌లనూ ఒకేలా జరపొచ్చు. జెడ్ ఒక్కటే తప్పితే ప్రోబ్ పొడవు గాని, టూల్ పొడవు గాని చూడాలి. 300 మి.మీ. అల్యూమినియం జాబ్ ఐదు డిగ్రీలు వేడెక్కితే దాదాపు 35 మైక్రాన్లు పెరుగుతుంది. పొద్దున సరిపోయిన కొలత మధ్యాహ్నం తప్పడానికి అదీ ఒక కారణం. ఇవన్నీ ఆయన నోటుబుక్కులో తేదీలతో సహా ఉన్నాయి.

మన ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో ఆఫ్‌సెట్ ఎలా కొట్టాలో నేర్పుతున్నాం. ఎప్పుడు కొట్టకూడదో కూడా నేర్పాలి. ఇలాంటి సెట్టర్లను పిలిచి, ప్రోబ్ చేతికిచ్చి, పిల్లల ముందు నిలబెట్టాలి. ఆ సాయంత్రం రెండో జాబ్ సీఎంఎం మీదికి వెళ్ళింది. ఆరు రంధ్రాలూ నాలుగు మైక్రాన్ల లోపే ఉన్నాయి. జీ54లో ప్రోబ్ రాసిన అంకె తప్ప, చేత్తో కొట్టిన అంకె ఒక్కటీ లేదు.